మా గోడలకు చెవులు ముందే ఉన్నయి

2024 మార్చిలో సిరిసిల్ల పేరు పేపర్ల మొదటి పేజీకెక్కింది. ఎప్పటిలాగా సాంచెలు ఆగినందుకో, అప్పులపాలైన నేతన్న ఉరేసుకున్నందుకో కాదు. సిరిసిల్ల జిల్లా క్రైం రికార్డ్స్ బ్యూరోలో డిఎస్పీగా ఉన్న ప్రణీత్‌రావును హైదరాబాద్ పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. అంతకుముందు ఆయన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో పనిచేశాడు. ఆ ఎస్.ఐ.బి. పని మావోయిస్టుల మీద నిఘా పెట్టడం. కానీ అక్కడ కూర్చొని ఎన్నికల ముందు ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబర్ 3న ఫలితాలు రాగానే మర్నాడు రాత్రి సీసీ కెమెరాలు ఆపేసి హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని కేసు. ఆ ముక్కలు మూసీలో పారేశారని పోలీసులు చెప్పారు. మూసీ ఎన్నింటిని దాచుకోలేదు గనుక!

ఆ తర్వాత ఇంకొందరు అధికారులు అరెస్టయ్యారు. ఎస్.ఐ.బి. మాజీ అధిపతి ప్రభాకర్‌రావు అప్పటికే అమెరికాలో ఉన్నాడు. సుప్రీంకోర్టు నుంచి తాత్కాలిక రక్షణ దొరికాకనే 2025 జూన్‌లో తిరిగొచ్చాడు. నేరం ఎవరిదో కోర్టులు తేలుస్తాయి, అది మా పని కాదు. మేం చెప్పదలుచుకున్నది వేరే సంగతి.

ఆ వార్త వచ్చిన వారం రోజులు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హోటళ్లలో ఇదే ముచ్చట. సిరిసిల్ల 2009 నుంచి కేటీఆర్ గెలుస్తున్న సీటు. కోరుట్లలో 2023లో గెలిచిందీ కారు గుర్తే. కాబట్టి ఒక టేబుల్ మీద 'కక్ష సాధింపు' అన్నారు. పక్క టేబుల్ మీద 'దొరల పాలన ఇట్లనే ఉంటది' అన్నారు. ఇంకో టేబుల్‌ది 'ఇద్దరూ దొంగలే, సీబీఐకి ఇయ్యాలె' అనే పాట. జగిత్యాలలో కారు గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే 2024 జూన్‌లో కాంగ్రెస్ కండువా కప్పుకున్నాడు. దాంతో మా ఎరికలోనే కొన్ని నోళ్లు రాత్రికి రాత్రి టేబుల్ మారాయి. అదే చాయ్, అదే పేపర్, అదే వార్త. నమ్మకం మాత్రం మారింది.

అందరి మొకాల మీదా ఒకటే ఆశ్చర్యం. 'మన ఫోన్లు ఎవరో విన్నారంట!' 'భార్యాభర్తల మాటలు కూడా విన్నారంట!' ఈ ఆశ్చర్యమే మాకు ఆశ్చర్యం. మీకిది కొత్త. మా ఇండ్లల్లో ఫోను లేనప్పటి నుంచే ఎవరో ఒకరు వింటున్నారు.

మా అమ్మీకి చదువు రాదు. కోరుట్లలో చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. అబ్బా మస్కట్‌లో మేస్త్రీ పని. ఎనభయ్యోపడిలో ఉత్తరం బదులు క్యాసెట్ వచ్చేది. గల్ఫ్ నుంచి ఎవరన్నా సెలవు మీద వస్తే బట్టల మడతల్లో ఆ క్యాసెట్. టేప్‌రికార్డర్ ఉన్న ఇంట్లో కూర్చుని వినేవాళ్లం. అబ్బా దగ్గు, అబ్బా రూములో ఫ్యాను చప్పుడు, మధ్యలో ఏడుపాపుకున్నట్లు ఒక నిశ్శబ్దం. అటునుంచి రావడమే కాదు, ఇటునుంచి మేమూ నింపి పంపేవాళ్లం. తర్వాత ఎస్.టి.డి. బూతులొచ్చాయి. పక్కింటి పీపీ నంబరుకు అబ్బా ఫోన్ చేస్తే పరుగెత్తుకుపోయేవాళ్లం. బూతులో అద్దాల గది ఉన్నా, ఎర్రంకెల మీటరు ముందు కూర్చున్న మనిషికి అన్నీ వినపడేవి. 1992 డిసెంబర్ తర్వాత ఒకరోజు అబ్బా అటునుంచి 'అక్కడ అంతా బాగేనా?' అని అడిగాడు. అమ్మీ చెప్పింది ఇంతే: 'బీడీల కూలీ పెంచలేదు. మిగతాది మీరొచ్చినంక.' ఫోన్ పెట్టేసి మాకు చెప్పింది, 'ఫోన్ పే అయిసీ బాతాఁ నక్కో కరో.' ఇప్పటికీ ఆ 'మిగతాది మీరొచ్చినంక' మా ఇంట్లో నడుస్తూనే ఉంది. చేతిలో స్మార్ట్‌ఫోన్ పెట్టుకుని కూడా మేం సగం మాటే మాట్లాడతాం.

పాస్‌పోర్టు ఎంక్వైరీ సంగతి మీలో గల్ఫ్ పోయినవాళ్లకు తెలుసు. ఈ మూడూళ్లలో దుబాయికి పోనివాడు ఎవడు? పద్మశాలి పోతాడు, మాదిగ పోతాడు, మున్నూరుకాపు పోతాడు, మేమూ పోతాం. అందరి దగ్గరా చాయ్ పైసలు తీసుకుంటారు. అక్కడ సమానత్వమే. కానీ మమ్మల్ని ఒక ప్రశ్న ఎక్కువడుగుతారు. 'మీ ఇంట్ల పాకిస్తాన్ పోయినోళ్లెవరన్న ఉన్నరా?' మా తమ్ముడి ఎంక్వైరీకొచ్చిన మనిషి ఇంకో అడుగు ముందుకేసి, జమాత్‌లో ఎన్ని దినాలు పోయినవు, ఎవరితో పోయినవు, ఏ ఊళ్లో పండుకున్నవు అని రాసుకుపోయాడు. మూడు రోజుల జమాత్‌లో మా తమ్ముడు నేర్చుకున్నది పదిమందికి కిచిడీ వండటం. అది కూడా రాసుకున్నాడో లేదో తెలియదు.

పండగ ముందు పీస్ కమిటీ పిలుపు, నిమజ్జనం ముందు బైండోవర్‌లు, మిలాద్ జులూస్‌లో మఫ్టీలో నడిచే ఐ.డి. పార్టీ మనిషి - వీటితోనే పెరిగాం. ఆ మఫ్టీ మనిషి ఎవరో గల్లీలో చిన్నపిల్లలకూ తెలుసు. షర్బత్ ఇస్తే తాగుతాడు. పాపం ఆయన బతుకూ అదే.

ఇదంతా మా ఒక్కరి గోస అని మేమనడం లేదు. అట్లంటే అబద్ధమాడినట్లే. ఈ నేల మీద చెవులు మొలిచిన తేదీ మాకు తెలుసు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి చేయమని, దొరలు ఆక్రమించిన భూములు విడవాలని వేలమంది కూలీలు జగిత్యాలకు నడిచొచ్చారు. నెలన్నర తిరగకుండా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ చట్టం పుట్టింది 1948లో, అదీ ఆంధ్ర ప్రాంతం కోసం. దాన్ని తెచ్చి మా మీద కప్పారు. అప్పటి నుంచి ఊరూరికీ పోలీసు క్యాంపు, వాడవాడకూ ఇన్‌ఫార్మర్. అన్నం పెట్టిన ఇల్లు ఇటువాళ్లకు కొరియర్ ఇల్లు, క్యాంపుకు పాలు పోసిన ఇల్లు అటువాళ్లకు ఇన్‌ఫార్మర్ ఇల్లు. 'ఇన్‌ఫార్మర్' అన్న ఒక్క మాట మీద ఎన్ని ప్రాణాలు పోయాయో ఈ ఊళ్లల్లో ముసలోళ్లను అడగండి. ఆ చనిపోయినవాళ్లలో నిజంగా సమాచారం చేరవేసిందెవరో, పాత భూతగాదాకు బలైందెవరో ఎవరు తేల్చారు?

అట్లా మా జిల్లాలో పెరిగిన చెవే హైదరాబాద్‌కు పోయి, పెద్దదై, 2023 ఎన్నికల నాటికి దొరల చెవికి కూడా ఆనుకుంది. పోలీసులు కోర్టుకు చెప్పినదాంట్లో మాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన మాట ఒకటుంది. నాయకుల, వ్యాపారుల, జర్నలిస్టుల నంబర్లను మావోయిస్టు సానుభూతిపరుల నంబర్లుగా రాసి అనుమతి తీసుకున్నారట. చూడండి కిటుకు! నంబరు పక్కన ఆ ఒక్క మాట రాస్తే చాలు, ఇంక పైవాడెవడూ 'ఎందుకు' అని అడగడు. ఆ మాట ఒక మూత. మూత పెట్టిన కుండలో ఏం ఉడుకుతుందో ఎవరికీ అక్కర్లేదు. 1978 నుంచి ఆ మూతను మీరు చూస్తూనే ఉన్నారు. కుండలో ఉన్నది కూలోడు, విద్యార్థి, పాటగాడు అయినంతకాలం మీకు వాసన రాలేదు. మా కోసం వేరే మూత ఉంది. దాని పేరు చెప్పక్కర్లేదు.

ఫోన్లు వినడం మీద చట్టం లేక కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఉండేది, ఇంగ్లీషువాడిది. 1991లో నాయకుల ఫోన్ల మీద సీబీఐ ఇచ్చిన రిపోర్టు 'మెయిన్‌స్ట్రీం' పత్రికలో వచ్చేసింది. దాన్ని పట్టుకుని పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టుకు పోయింది. 1996 డిసెంబర్‌లో తీర్పొచ్చింది. హోం కార్యదర్శి ఆర్డరుండాలి, గడువుండాలి, రివ్యూ కమిటీ చూడాలి అని కోర్టు చెప్పింది. అంటే ఈ దేశంలో సామాన్యుడి ఫోనుకు ఉన్న కొద్దిపాటి రక్షణ కూడా ఒక కాగితం బయటపడ్డందువల్ల వచ్చిందే. కానీ ఆ కాగితం నాయకుల ఫోన్ల గురించి. నాయకుడి ఫోను వింటే ప్రభుత్వాలు పడిపోతాయి. 1988లో కర్ణాటకలో రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి కుర్చీ దిగాల్సొచ్చింది. మా ఫోను వింటే ఎవడి కుర్చీ కదులుతుంది?

ఇక కాగితాలు బయటికి రావడం గురించి. 'లీకు' అన్న మాట మీకు ధైర్యంగా వినిపిస్తుంది. ఎవరో నిజాయితీపరుడు రహస్యం బయటపెట్టాడని తోస్తుంది. మాకు ఆ మాట వింటే ముందు కడుపులో చెయ్యిపెట్టినట్లవుతుంది. ఎందుకంటే మాకు పరిచయమైన లీకు వేరు. పై నుంచి కిందికి కారేది. 'విశ్వసనీయ వర్గాల సమాచారం' అని పేపర్లో వచ్చేది.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిది మంది పోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో అయిదుగురు. చచ్చింది మేము. మర్నాటి నుంచి అనుమానితులమూ మేమే. వర్గాలు మాట్లాడటం మొదలుపెట్టాయి. సరిహద్దు అవతల కుట్ర, పాతబస్తీలో సహకారం, ఫలానా పేరు, ఫలానా గల్లీ. ఆ వర్గాలకు పేరుండదు, మొకముండదు. పేరున్నది మా పిల్లలకే. పదుల మంది యువకులను పట్టుకుపోయారు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ పంపిన న్యాయవాది రవిచందర్ జైలుకు పోయి మాట్లాడి, కరెంటు షాకులతో సహా ఏమేం చేశారో 2008లో నివేదిక రాశారు. ఆ నివేదిక ఎన్ని పేపర్లలో మొదటి పేజీకొచ్చింది? వర్గాల మాటలొచ్చినన్ని సార్లు రాలేదు. పిల్లలు నిర్దోషులుగా బయటికొచ్చాక 2011లో ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది, సత్ప్రవర్తన సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. కుర్రాళ్లు ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఫొటోలకు నిలబడ్డారు. బాంబు పెట్టలేదని సర్కారు సంతకంతో కాగితం జేబులో పెట్టుకుని తిరగాల్సిన పౌరులు ఇంకెవరున్నారో చెప్పండి. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కూడా కొట్టేసింది.

ఇక్కడే ఇంకో లీకు సంగతి చెప్పాలి. 2010 డిసెంబర్‌లో స్వామి అసీమానంద మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలం 2011 జనవరిలో 'తెహెల్కా'లో వచ్చింది. మక్కా మసీదు, అజ్మీర్, మాలేగావ్, సంఝౌతా అన్నీ అందులో ఉన్నాయి. ఆరోజు జగిత్యాల టవర్ దగ్గర మావాళ్లు స్వీట్లు పంచినంత పని చేశారు. ఉర్దూ పేపర్ చేతులు మారి మారి చిరిగిపోయింది. 'దేఖో, హమ్ బోలే నా!' అని ఒకటే కేకలు. అప్పుడు మా మామూ ఒక్కడే పెదవి విరిచాడు. రిటైరైన ఉర్దూ మీడియం టీచరు. ఆయనన్నది యథాతథంగా గుర్తుంది: 'కస్టడీలో ఉన్నోడు చెప్పింది మన పిల్లగాళ్ల మీద పనికిరాదంటిమి. ఇయ్యాల ఆ స్వామి మీద ఎట్ల పనికొస్తది? సాక్ష్యం తీసుకరమ్మనుండ్రి. కోర్టుల నిలబడాలె.' ఆ మాటకు కుర్రాళ్లు ఆయన్ను చాలా తిట్టారు. ముసలాడికి భయం పట్టుకుందన్నారు. తర్వాత ఆ స్వామి బలవంతంగా చెప్పించారని మాట వెనక్కి తీసుకున్నాడు. 2018 ఏప్రిల్ 16న అయిదుగురు నిందితులనూ కోర్టు విడుదల చేసింది. తీర్పిచ్చిన జడ్జి అదేరోజు రాజీనామా ఇవ్వడం మరో వింత. పద్నాలుగు మంది చనిపోయిన కేసులో, మొదట మావాళ్లు కాదు, తర్వాత వాళ్లూ కాదు. మరి ఎవరు?

మామూ మాట మీద మాలో ఇప్పటికీ వాదన నడుస్తుంది. బలహీనుడు నీతి పట్టుకుని కూర్చుంటే ఎట్లా, వాడు విసిరిన రాయే వాడి మీదికి విసరాలి అంటారు కొందరు. మాకైతే మామూ మాటే సరైందనిపిస్తుంది. అది మంచితనం కొద్దీ చెప్తున్న మాట కాదు. సాక్ష్యం అడగడం తప్ప మా చేతిలో వేరే ఆయుధం లేదు. దాన్ని కూడా పారేసుకుంటే మాకు మిగిలేది వర్గాల సమాచారమే. వర్గాలెప్పుడూ మావి కావు.

కారకుండా గట్టిగా మూసి ఉంచిన కాగితం సంగతి కూడా వినండి. మా దాదీ పుట్టిల్లు బీదర్ వైపు. ఆమె చనిపోయేదాకా పుట్టింటి పేరెత్తలేదు. 'ఎందుకు పోవు దాదీ?' అంటే 'ఉదర్ కోయీ నై' అనేది. అంతే. అన్నదమ్ములెందరో, వాళ్ల పేర్లేమిటో మాకు తెలియదు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది. రజాకార్ల దాష్టీకం నిజం, అది ఈ జిల్లా పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు, మేమూ చెప్తాం. ఆ తర్వాత జరిగింది కూడా నిజమే. దాన్ని చూసి రమ్మని ప్రభుత్వమే పండిత సుందర్‌లాల్‌ను, 'పయామ్' పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్‌ను, మౌలానా అబ్దుల్లా మిస్రీని పంపింది. వాళ్లు 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. వందలమందితో మాట్లాడారు. రాష్ట్రం మొత్తం మీద పోయిన ప్రాణాలు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటాయని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ - ఈ నాలుగు జిల్లాలకే పద్దెనిమిది వేలు. బీదర్! దాదీ నోటి నుంచి రానిది ఆ కాగితంలో ఉంది.

ఆ నివేదిక అచ్చు వేయలేదు. 1988లో ఒమర్ ఖాలిదీ తన పుస్తకంలో కొంత బయటపెట్టారు. 2013 నాటికి ఏ.జి. నూరానీ పుస్తకంతో, ఢిల్లీ నెహ్రూ మ్యూజియంలో ప్రతి దొరకడంతో జనానికి తెలిసింది. అరవై అయిదేళ్లు. దాదీ 1996లోనే పోయింది. దాన్ని దాచినందుకు చెప్పిన సాకు ఎప్పుడూ ఒకటే, గాయాలు రేగుతాయని. దాచడం వల్ల ఏం జరిగింది? ఒక ఇంట్లో రెండు లక్షలన్నారు, ఒక ఇంట్లో అసలేమీ జరగలేదన్నారు. కాగితం లేనిచోట ఎవరి పార్టీ లెక్క వాళ్లదే. ఇప్పుడు ప్రతి సెప్టెంబర్ 17కూ విమోచనం, విలీనం, విద్రోహం, సమైక్యత అని ఒక్కో జెండా ఒక్కో పేరుతో ఎగరేస్తారు. ఆ పేర్ల పోట్లాటలో బీదర్ పద్దెనిమిది వేలలో వాటా ఎవరూ అడగరు.

ఈ రోగం మన దేశానిదే అనుకునేరు. అమెరికా చూడండి. న్యూయార్క్ పోలీసులు ఏళ్ల తరబడి ముస్లింల మసీదులను, హోటళ్లను, విద్యార్థి సంఘాలను కనిపెట్టారని 2011లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు లోపలి కాగితాలతో బయటపెట్టారు. ముస్లిం విద్యార్థులు ఏట్లో పడవ షికారుకు పోతే మారువేషంలో వెంట పోయిన పోలీసు, వాళ్లు రోజుకెన్నిసార్లు నమాజు చేశారో రాసుకొచ్చాడు. చదివినప్పుడు మా తమ్ముడి కిచిడీ గుర్తొచ్చింది. ఆ విభాగం ఆరేళ్ల పనిలో ఒక్క ఉగ్రవాద కేసుకూ ఆధారం దొరకలేదని వాళ్ల అధికారే 2012లో ప్రమాణం చేసి చెప్పాడు. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ ఎన్.ఎస్.ఏ. కాగితాలు బయటపెట్టాడు. వాటిలో దరఖాస్తు ఎట్లా నింపాలో నేర్పే ఒక నమూనా ఉంది. అందులో మనిషి పేరు రాయాల్సినచోట 'మొహమ్మద్' పక్కన ఒక తిట్టుమాట పెట్టారు. నమూనా పేరుకు కూడా మేమే దొరికాం!

అక్కడి జనం మాత్రం జగిత్యాల హోటల్ జనం కంటే ఎక్కువ తెలివైనవాళ్లేం కాదు. ప్యూ సంస్థ లెక్క చూడండి. బుష్ ఉన్నప్పుడు, 2006లో, ఎన్.ఎస్.ఏ. నిఘా సరైందే అన్న రిపబ్లికన్లు 75 శాతం, డెమోక్రాట్లు 37 శాతం. ఒబామా ఉన్నప్పుడు, 2013లో, అట్లాంటి ప్రశ్నకే రిపబ్లికన్లు 52కు దిగారు, డెమోక్రాట్లు 64కు ఎక్కారు. చెవి మారలేదు. చెవి ఉన్న తలకాయ ఎవరిదన్నదాన్ని బట్టి అభిప్రాయం మారింది. రహస్యం బయటపెట్టినవాడు కూడా అంతే. మన పక్షానికి పనికొస్తే వీరుడు, లేకపోతే ద్రోహి. 2016 ఎన్నికల్లో వికీలీక్స్ అంటే తనకు ప్రేమని సభల్లో చెప్పిన ట్రంప్ పాలనలోనే, ఎన్నికల్లో రష్యా జోక్యం మీద ఒక రహస్య నివేదికను పత్రికకు పంపిన రియాలిటీ విన్నర్ అనే యువతికి 2018లో అయిదేళ్ల మూడు నెలల జైలు పడింది.

మన దగ్గర రహస్యం విప్పినవాడికి రక్షణగా 2014లో చట్టం చేశారు. రాష్ట్రపతి సంతకమూ అయింది. అమలుకు తేదీ పెట్టకుండా ఏళ్లు గడిపారు. తాళంచెవి లేని బీరువా అన్నమాట. 2021 ఫిబ్రవరిలో, మాకు పొరుగునే మంథని దారిలో, లాకప్ మరణం మీద హైకోర్టుకెక్కిన న్యాయవాద దంపతులు గట్టు వామన్‌రావు, నాగమణిలను పట్టపగలు నడిరోడ్డు మీద నరికారు. బస్సులు ఆగి ఉన్నాయి. జనం సెల్‌ఫోన్లలో వీడియో తీశారు. నల్లకోటున్నవాళ్లకే ఆ గతి అయితే బీడీల కార్ఖానాలో, సాంచెల షెడ్డులో ఉన్నవాడు ఏం నోరు విప్పుతాడు?

2022 సెప్టెంబర్‌లో పి.ఎఫ్.ఐ. కేసులో ఎన్.ఐ.ఎ. సోదాలు నిజామాబాద్‌తోపాటు జగిత్యాలలోనూ జరిగాయి. పదిరోజులకు కేంద్రం ఆ సంస్థను నిషేధించింది. ఆ సంస్థ గురించి మాలో మాకే ఏకాభిప్రాయం లేదు, కేసుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. కానీ ఆ వారం టీవీల కింద పరుగెత్తిన 'వర్గాల' అక్షరాలు ఒక సంస్థ దగ్గర ఆగలేదు. ఊరంతా పాకాయి. కరాటే నేర్చుకునే పిల్లవాడు, కరాటే మానేశాడు. గడ్డం పెంచినవాడు గొరిగించుకున్నాడు, గొరిగించుకున్నవాడిని 'ఎందుకు గొరిగించుకున్నవ్?' అని అడిగారు. కిరాయి ఇల్లు చూడబోతే, ఫోన్లో సరేనన్న మనిషి మా పేరు విన్నాక చుట్టాలొస్తున్నారన్నాడు.

అందుకే 2024లో మా గల్లీలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక కుతూహలం మాత్రం ఉండింది. ఈ విచారణలో వందలమందిని పిలిచి మీ ఫోను విన్నారు, వాంగ్మూలం ఇవ్వండి అన్నారు గదా. నాయకులను పిలిచారు, వాళ్ల అనుచరులను పిలిచారు, పత్రికలవాళ్లను పిలిచారు. జడ్జీల ఫోన్లు కూడా విన్నారని వస్తే హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. మంచిదే. మా మసీదు కమిటీ సదర్‌ను ఎవరూ పిలవలేదు. ఆయన ఫోను వినలేదనా? విన్నా అది నేరం కిందికి రాదనా?

ఈ ప్రశ్న పట్టుకుని మా ఇంట్లో ఇప్పుడొక పంచాయితీ నడుస్తోంది. మా తమ్ముడి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. సమాచార హక్కు కింద దరఖాస్తు రాశాడు. 'గత పదేళ్లలో మా గల్లీ, మా మసీదు, మా మదర్సా గురించి మీ దగ్గర ఏమేం రాసి ఉన్నాయి? ఎవరు రాశారు? అందులో ఎన్ని నిజమని తేలాయి?' మూడే ప్రశ్నలు. చేతిరాత ముత్యాల్లా ఉంది. మామూ ఎనభై దాటిన కళ్లతో చదివి, రెండు అక్షరదోషాలు దిద్ది, 24వ సెక్షన్ చూపించి ఇంటెలిజెన్స్ వాళ్లకు మినహాయింపుంటది, జవాబు రాదని చెప్పాడు. రాకపోయినా పర్వాలేదు, రాదని వాళ్లతోనే రాయించుకుంటా అన్నాడు పిల్లవాడు. అమ్మీ మాత్రం పది రూపాయల పోస్టల్ ఆర్డరు దిండు కింద దాచిపెట్టింది. 'ఇన్ని రోజులు వాళ్లు మన పేర్లు రాసుకున్నరు. ఇప్పుడు నువ్వే నీ పేరు, ఇంటి నంబరు రాసి పంపుతవా?' అంటుంది. తమ్ముడు దుబాయి నుంచి ఫోన్ చేస్తే, ఈ సంగతి అడుగుతాడేమోనని, ఫోన్ మొదలవగానే చెప్పేస్తుంది: 'మిగతాది నువ్వొచ్చినంక.'

దరఖాస్తు కింద సంతకం ఉంది. పేరు రాయాల్సినచోటు ఇంకా ఖాళీగానే ఉంది. నా పేరు రాయి అంటున్నాడు మామూ.